బరువు తగ్గించమని బేరమాడాను

మా ఇంట్లో ఏదైనా సామాను కొనడానికి నేను చెప్పులు వేసుకుంటే చాలు, మనవలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "నానమ్మా, నువ్వు ఇంట్ల కూసో, మేం తెస్తం" అంటారు. అలా ఎందుకంటారో వాళ్లకు సగమే తెలుసు. మిగతా సగం ఇవాళ మీకు చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి గానీ, ఆ రోజు మాత్రం నా గుండె నోట్లోకి వచ్చి కూర్చుంది. చదువుకునే ఒక పిల్లవాడి బతుకు ఒక ఇనుప రాడుకు వేలాడింది. ఆ రాడుకు రెండు పక్కలా తొడిగే ఇనుప బిళ్ళలను ఏరి కోరి కొన్నది నేనే.

పందొమ్మిది వందల అరవై దాటి డెబ్బై ఇంకా రాని రోజులు. తార్నాకలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. రోడ్డు దాటి నడిస్తే యూనివర్సిటీ. మా మామ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఇంటాయనది గూడ్సు బండి మీద డ్యూటీ, ఆయన ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ కాపురం చేశాడు. ఇంట్లో మిగిలేది నేనూ, మా మరిది నర్సింలూ. నేను కాపురానికి వచ్చిన రోజు ఆ పిల్లవాడు నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముక్కు తుడుచుకుంటూ గడపలో నిలబడ్డాడు. మా అత్తమ్మ అప్పటికే లేదు. వాడి తలకు నూనె రాసిందీ, పలక కొనిచ్చిందీ, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నదీ నేనే. నేను చదివింది రెండో తరగతి. వాడు బి.ఏ.లో చేరాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు వాడే కాబట్టి, ఆ మెట్లు నేనే ఎక్కినట్టు వీధిలో నడిచేదాన్ని.

కాలేజీలో చేరాక వాడికి బరువులెత్తే పిచ్చి పట్టింది. మనిషి చూస్తే మునక్కాయకు చొక్కా తొడిగినట్టుండేవాడు. పెరట్లో జామచెట్టు కింద నా తిరుగలి రాయిని గుండెల దాకా ఎత్తి దించేవాడు. ఒకరోజు మా మామ డ్యూటీ నుంచి వచ్చి అది చూశాడు. టిఫిను డబ్బా గట్టు మీద పెట్టి నిలబడ్డాడు.

"ఏందిరా గది?"

"కసరత్తు నాయినా. యూనివర్సిటీ టీముకు మనుషుల్ని తీసుకుంటున్నరు. సన్నగున్నోళ్లకు సన్నగున్నోళ్లతోనే పోటీ. టీముల పడితె హాస్టల్ సీటు, తిండి, అన్ని వాళ్లే చూసుకుంటరు. నా చదువు ఇంటి మీద పడది."

"పడకపోతె?"

నర్సింలు తిరుగలి రాయిని నేల మీదికి దించాడు. మా మామ చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "మా షాపుల పనికి పిల్లగాండ్లను తీసుకుంటున్నరు. నీ పేరు చెప్పి పెట్టిన. టీముల పడితె చదువుకో, నేను అడ్డం రాను. పడకపోతె మాత్రం పుస్తకాలు అటక మీద పెట్టి నా ఎంబడి రావాలె. మాటనా?"

"మాట" అన్నాడు నర్సింలు. ఆ మాట అని, వెంటనే మళ్లీ రాయి మీదికి వంగడం నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. యూనివర్సిటీ జిమ్‌లో సామాను టీములో ఉన్నవాళ్లే ముట్టుకోవాలి. టీములో పడాలంటే ఎత్తడం రావాలి. ఎత్తడం రావాలంటే సామాను కావాలి. అందుకని ఇంటికే బిళ్ళలు కొనుక్కుంటానన్నాడు. మా మామ సరేనన్నాడు గానీ, "కొనుడు మీ ఇష్టం, నన్ను మాత్రం పిలువకుండ్రి. పొద్దంత ఇనుముతోనే చస్తున్న, ఇంటికొచ్చి గూడ ఇనుమేనా" అని మంచమెక్కాడు. అన్నట్టే ఆ తర్వాత ఒక్కరోజైనా ఆ బిళ్ళలను వేలితో ముట్టుకోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక కొనేదెవరు? నన్ను నేను పొగుడుకోకూడదు గానీ, ఆ వీధిలో సామాను ఏరడంలో నా తర్వాతే ఎవరైనా. నేను చేత్తో తీసి పక్కన పడేసిన వంకాయను ఇంకొకరు కొనేవారు కాదు. కుండను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది వచ్చే నెల పగుల్తది" అంటే పగిలేది. పుచ్చకాయలు అమ్మేవాళ్లు నన్ను చూసి గంప మీద గుడ్డ కప్పేవాళ్లు. నర్సింలుకు కూడా ఆ నమ్మకమే. "నాకు కాలేజున్నది వదినె. నువ్వు పోయి చూస్తె తప్పు పోది" అన్నాడు. ఆ పిల్లవాడు జీవితంలో నాతో అన్న మాటలన్నిటిలో ఇదొక్కటే పచ్చి అబద్ధం, పాపం తెలియక అన్నాడు.

లాలాగూడలో జహంగీర్ భాయ్ అని ఇనుప సామాను అమ్మే ఆయన ఉండేవాడు. గడ్డం తెల్లబడ్డ మంచి మనిషి. నేను వెళ్లేసరికి చాయ్ తాగుతున్నాడు.

"రా అమ్మా. ఏం కావాలె? పెనమా, రోకలి పొన్నా?"

"బరువు బిళ్ళలు. మా మరిది కసరత్తు చేస్తడు."

గోడకు ఆనించిన నల్లటి బిళ్ళలు చూపించాడు. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, మీద అంకెలతో ఉన్నాయి. అక్షరాలు తడుముకుంటాను గానీ అంకెలు నాకు బాగా వచ్చు. ఐదు, పది, ఇరవై. ఇరవై అని ఉన్నదాన్ని పట్టుకుని లేపబోయాను. అది లేవలేదు, నేనే కిందికి వంగాను. వేలి కణుపుతో కొట్టి చూశాను. దబ్ అని, తడిసిన గోడను కొట్టినట్టు చప్పుడైంది.

"భాయ్, ఇది సక్కగ కాలలే."

"అమ్మా, అది కుండ కాదు. పోత ఇనుము."

"ఏదైనా సరే, మోగాలె గద! మళ్ల గింత బరువేంది? పిల్లగాని నడుము ఇరగదా? కొంచెం తగ్గించు."

"ధర తగ్గియ్యాల్నా?"

"ధర సంగతి తర్వాత. ముందుగాల బరువు తగ్గించు."

జహంగీర్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, బరువే గదమ్మా మాలు. దూద్ లేని చాయ్ అడుగు, ఇస్త. బరువు లేని బరువు యాడికెల్లి తెచ్చియ్యాలె?"

నేను వదిలే రకమా? చీర కొంగు నడుముకు దోపుకుని దుకాణమంతా తిరిగాను. మూలన గోనెపట్టా కింద ఇంకో వరస బిళ్ళలు కనిపించాయి. కొత్త నల్లరంగు, తెల్లటి అంకెలు, పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాయి. ఇరవై అని ఉన్నదాన్ని కొట్టాను. ఖంగుమంది! అమ్మవారి గుడి గంట కూడా అంత శ్రావ్యంగా మోగదు. తిప్పి చూస్తే వెనక పళ్లెంలా గుంటగా ఉంది. పని అయ్యాక అందులో చల్ల మిరపకాయలు కూడా ఎండబెట్టుకోవచ్చు అనుకున్నాను. లేపితే చక్కగా లేచింది.

"గివి ఇయ్యి."

జహంగీర్ భాయ్ పరుగున వచ్చాడు. "వద్దమ్మా, అవి వేరే ఆర్డర్‌వి. అవి స్టూడియో—"

"వేరేవాళ్లకు మంచి సరుకు దాచిపెట్టి నాకు దబ్ దబ్ అనేటివి అంటగడ్తవా?"

"సునో అమ్మా, నా మాట—"

"నాకేం చెప్పకు. నంబరు గదే, మోత మంచిగున్నది, బరువు తక్కువున్నది. ఇయ్యకపోతె ఈడనే కూసుంట."

కూర్చున్నాను కూడా, దుకాణం గడప మీద. వచ్చేవాళ్లు పోయేవాళ్లు చూస్తున్నారు. కాసేపటికి ఆయన ఆకాశం వైపు చేతులెత్తి, "తీస్కపో తల్లీ. మళ్ల నా మీదికి రావద్దు" అన్నాడు. రాడు కూడా అక్కడే తీసుకున్నాను. బండి లాగే అతను బిళ్ళలు ఎక్కించడానికి వస్తే, "నువ్వు రంగు గీకుతవు, జరుగు" అని ఆ ఇరవై కిలోల బిళ్ళలు రెంటినీ నేనే ఎత్తి బండిలో పెట్టాను. అప్పుడైనా నా బుర్రకు వెలగాలి కదా! వెలగలేదు. ఒకే అంకెకు తక్కువ బరువు తెచ్చుకున్నానని దారి పొడవునా మురిసిపోయాను.

ఆ తర్వాత మా పెరట్లో జరిగింది చెబితే మీరు నమ్మరు. మునక్కాయ మనిషి వారం తిరక్కుండా యాభై ఎత్తాడు. తర్వాత అరవై. రోజూ సాయంత్రం జామచెట్టు కింద నిలబడి, ఊపిరి బిగబట్టి, మోకాళ్లు వంచకుండా రాడును తల మీదికి తీసుకుపోయి, కొట్టిన మేకులా కదలకుండా నిలబడేవాడు. పక్కింటివాళ్లు గోడ మీదికి తలలు పెట్టి చూసేవాళ్లు.

"వదినె, ఇయ్యాల ఎనబై!"

"ఎట్లున్నది?"

"ఇంక ఎత్తచ్చనిపిస్తున్నది. నాకే సమజైతలేదు, ఇంత బలం యాడికెల్లి వచ్చింది?"

"ఎక్కడికెల్లి వస్తది? నా జొన్న రొట్టెలు, ఉలవచారు!"

ఈ మాట నేను వాడితోనే అని ఊరుకున్నానా? వీధంతా చెప్పాను. ఆ నెల మా వీధిలో ఉలవలు దొరకలేదు. బక్కచిక్కిన కొడుకులున్న తల్లులంతా నా దగ్గరికి వచ్చి చారు ఎలా కాచాలో నేర్చుకుపోయారు. నేను డాక్టరులా పీట మీద కూర్చుని సలహాలిచ్చాను. ఇంతా చేసి, రోజూ పొద్దున పెరడు ఊడ్చేటప్పుడు ఆ బిళ్ళలను కాలితో పక్కకు జరిపేది నేనే. ఇరవై కిలోల ఇనుమును కాలి వేళ్లతో జరిపే ఆడది లోకంలో ఉంటుందా అని ఒక్కసారైనా అనుకోలేదు.

పోటీ రోజు వచ్చింది. మా మామ డ్యూటీకి వెళ్తూ నర్సింలు భుజం మీద చెయ్యి వేసి, "సాయంత్రం వచ్చేవరకు ఏదో ఒకటి తేలిపోవాలె. పడకపోతె రేపు నాతోని లేచి రావాలె" అన్నాడు. నర్సింలు ఉతికిన బనీను, నిక్కరు సంచిలో పెట్టుకుంటూ నాకు ధైర్యం చెప్పాడు.

"పోటీల రాడు మీద బరువు పెంచుడే ఉంటది వదినె, తగ్గించుడు ఉండది. తక్కువ చెప్పినోళ్లు ముందు ఎత్తుతరు, ఎక్కువ చెప్పినోళ్లు తర్వాత. మూడు మార్లు ఇస్తరు. మూడు మార్లు లేవకపోతె ఇంటికే. నేనైతె ఎనబై తోని మొదలుపెడ్త. ఎవ్వడు నా దరిదాపుల ఉండడు."

నుదుట బొట్టు పెట్టి పంపించాను. పంపించి, నిశ్చింతగా గడపలో కూర్చుని, ఏడాదికి సరిపడా చింతపండు కొనడానికి లచ్చమ్మను పిలిచాను.

లచ్చమ్మ చింతపండు గంపతో ఊరి నుంచి వచ్చేది. తరాజు తీసి, ఐదు కిలోల రాయి వేసి తూచబోయింది. చేయి ఊరుకుంటే నేను నేనే కాదు కదా.

"ఆగాగు. నీ రాయి మీద నాకు నమ్మకం లేదు. మా ఇంట్ల అసలు తూకం ఉన్నది."

పెరట్లోకి వెళ్లి ఐదు అని రాసిన బిళ్ళ తెచ్చాను. ఒక పళ్లెంలో ఆమె రాయి, ఇంకో పళ్లెంలో నా బిళ్ళ. ఆమె రాయి ఉన్న పళ్లెం ధన్‌మని నేలకు తగిలింది. నా బిళ్ళ గాలిలో ఊగింది.

"చూసినవా! దొరికినవా! దొంగ తూకం!" అని వీధికి వినపడేలా అరిచాను.

లచ్చమ్మ కోప్పడలేదు. నన్ను ఒక చంటిపిల్లను చూసినట్టు చూసింది. "అక్కా, జర ఆలోచన చెయ్యి. నా రాయి బరువుంటె నీకు చింతపండు ఎక్కువొస్తది. దొంగతనం చేసేటిదాన్ని, నాకు నష్టం కావాల్నని చేస్తనా?"

నేను వంగి రెండు పళ్లేలనూ మళ్లీ చూశాను.

ఆమె నా బిళ్ళ తీసి వెనక్కి తిప్పింది. "ఇది లోపల బోలున్నది గదక్కా. మా ఇంట్ల రొట్టెల పెనం దీనికన్న బరువుంటది."

జామచెట్టు దగ్గరికి పరుగెత్తాను. ఇరవై అని ఉన్న బిళ్ళను పట్టుకున్నాను. అది నీళ్ల బిందెలా సుతారంగా నా నడుము మీదికి ఎక్కి కూర్చుంది. ఇరవైలో సగం కూడా ఉండదు. అప్పుడు వెలిగింది నా బుర్ర, జహంగీర్ భాయ్ దుకాణం నుంచి ఇన్ని రోజులు నడిచి వచ్చినట్టు. ఉలవచారు లేదు, జొన్న రొట్టె లేదు. వీడు ఎత్తిందంతా గాలి! అక్కడికి పోయి ఎనభై అని చెబుతాడు. మూడుసార్లూ రాడు నేలకు అంటుకుపోతుంది. రేపు పొద్దున పుస్తకాలు అటకెక్కుతాయి. ఎక్కించింది ఎవరు? వదినె!

"లచ్చమ్మా, ఇల్లు చూస్కో!" అని రోడ్డు మీద పడ్డాను. చెప్పులు లేవు. సగం దూరం పోయాక తెలిసింది, బిళ్ళ ఇంకా నా నడుము మీదే ఉందని.

రిక్షా ఒకటి కనబడితే చేయి అడ్డం పెట్టాను. "యూనివర్సిటీ జిమ్ముకు. జల్ది!"

అతను నా నడుము మీది ఇనుప చక్రాన్ని చూసి వెనక్కి జరిగాడు. "వద్దమ్మా. ఆ బరువుకు నా రిక్షా చువ్వలు ఇరుగుతయి."

"బరువు లేదయ్యా!"

"ఇరవై అని రాసున్నది గదమ్మా, నాకు కనిపిస్తలేదా?"

"ఆ రాసిందే నా కొంప ముంచింది! పట్టుకో!" అని అతని చేతుల్లోకి విసిరాను. పాపం కళ్లు మూసుకుని, పళ్లు బిగించి పట్టుకున్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచాడు. "అరె! గిదేంది, అప్పడం లెక్కున్నది?"

"గదే చెప్పనీకే పోతున్న. తొక్కు!"

తొక్కాడు. నిజంగా తొక్కాడు. క్యాంపస్‌లోని ఆ ఎత్తుపల్లాల మీద, బండరాళ్ల పక్కగా, పుస్తకాలు గుండెకు హత్తుకున్న ఆడపిల్లలు పక్కకు దూకుతుంటే, గంట ఆపకుండా మోగిస్తూ తొక్కాడు. నేను లోపల ఒళ్లో బిళ్ళ పెట్టుకుని, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ తలా ఒక కొబ్బరికాయ మొక్కుకుంటూ పోయాను. ఎదురుగాలికి జుట్టు ముడి ఊడింది. చూసినవాళ్లు ఏ పిచ్చాసుపత్రి నుంచో వచ్చాననుకుని ఉంటారు.

జిమ్ తలుపు దగ్గరికి పోయి ఆగిపోయాను. లోపల అంతా మగపిల్లలు, నిక్కర్లతో, బనీన్లతో. అందులో ఒక్క ఆడమనిషి లేదు. కాలు లోపలికి పడలేదు. పక్కకు పోయి ఊచల కిటికీలోంచి చూశాను. మధ్యలో చెక్క పలకల మీద రాడు. బల్ల దగ్గర చేతిలో ఈల పట్టుకున్న కోచ్ సారు. గోడకు ఆనుకుని మా నర్సింలు, కాళ్లు ఆడిస్తూ, తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. మొహంలో ఎంత ధీమా!

"నలబై ఐదు అయిపోయింది. యాబై ఎక్కించుండ్రి!" అన్నాడు కోచ్ సారు. ఇద్దరు పిల్లలు రాడుకు బిళ్ళలు తొడుగుతున్నారు. ఆ బిళ్ళలు కింద పెడితే దబ్ మంటున్నాయి. దబ్! దబ్! నేను జహంగీర్ భాయ్ దుకాణంలో వద్దన్న చప్పుడు అదే.

లెక్క నాకు అర్థమైంది. మా పెరట్లో ఎనభై అంటే నిజానికి నలభై, మహా అయితే ఇంకో నాలుగైదు. యాభై కూడా వాడికి కష్టమే. అది దాటిందంటే ఇక వెనక్కి రాదు. ఇప్పుడే చెప్పాలి.

"నర్సింలూ!" అన్నాను. ఆ దబ్ దబ్‌లో వినబడలేదు. మళ్లీ అన్నాను. ఈసారి విన్నాడు. కిటికీ వైపు చూసి నవ్వి, చెయ్యి ఊపాడు. నేను చూడటానికి వచ్చాననుకున్నాడు!

"తగ్గించు! తగ్గించు!" అని చేత్తో కిందికి సైగ చేశాను. వాడు బుద్ధిగా తల ఊపి నేల మీద కూర్చున్నాడు.

ఇక ఏం చెయ్యాలి? అందరి ముందూ "నీ బిళ్ళలు బోలువిరా" అని అరిస్తే పరువు ఏమవుతుంది? అరవకపోతే చదువు ఏమవుతుంది? ఒక పిల్లవాడు యాభై ఎత్తి దించాడు. కోచ్ సారు కాగితం మీదికి వంగి, "ఇంకెవ్వరన్న ఉన్నరా యాబైకి? లేకపోతె పెంచుతున్న" అన్నాడు.

నాకు ఇంకేమీ తోచలేదు. నడుము మీది బిళ్ళను తీశాను. అంకె లోపలివాళ్లకు కనబడేలా తిప్పాను. కుడిచేత్తో పట్టుకుని, ఒక్క ఊపున, తల మీదికి ఎత్తి, కిటికీ ఎదురుగా నిలబడ్డాను.

ముందు ఒక పిల్లవాడు చూశాడు. వాడు పక్కవాణ్ణి పొడిచాడు. ఆ తర్వాత జిమ్ మొత్తం కిటికీ వైపు తిరిగింది. చెప్పుల్లేని కాళ్లతో, ఊడిన జుట్టుతో, చీర కట్టుకున్న ఒక ఆడది, ఒంటిచేత్తో ఇరవై కిలోల ఇనుము ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. కోచ్ సారు చేతిలోంచి ఈల జారింది.

"ఎవరామె?"

"నర్సింలు వాళ్ల వదినె సార్" అన్నారు ఎవరో.

నర్సింలు మాత్రం నన్ను చూడటం లేదు. నా చేతిని చూస్తున్నాడు. నీళ్ల బిందె కంటే బరువైనది నేను తల మీదికి ఎత్తలేనని లోకంలో అందరికంటే వాడికే తెలుసు. వాడి మొహంలో రంగు పైనుంచి కిందికి దిగిపోవడం కిటికీలోంచి నాకు కనబడింది. లేచాడు. తూలుతూ బల్ల దగ్గరికి పోయాడు.

"సార్. నా ఎనబై కొట్టెయ్యండి. యాబైకి నేనున్న."

జిమ్ గొల్లుమంది. "ఎనబై పహిల్వాన్ యాబైకి దిగిండురో!" అని ఒకడు అరిచాడు. "ఎనబై వాళ్ల వదినె ఎత్తుతదట!" అని ఇంకొకడు. నేను బిళ్ళను ఛాతీకి హత్తుకుని కిటికీ ఊచ పట్టుకున్నాను.

మొదటిసారి. నర్సింలు వంగి రాడు పట్టుకున్నాడు. అది మోకాలి దాకా వచ్చి దబ్ మని పడింది. అసలైన బరువు వాడి చేతులకు పరిచయం కావడం అదే మొదలు. నవ్వులు.

రెండోసారి భుజాల దాకా వచ్చింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. పైకి పోతూ పోతూ, ఒక చెయ్యి ముందు పోయింది, ఇంకోటి ఆగిపోయింది. పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా పెదవి నేనే కొరుక్కున్నాను, ఉప్పగా తగిలింది.

మూడోసారి ముందు వాడు కిటికీ వైపు చూశాడు. జ్వరంతో ఒళ్లో పడుకున్నప్పుడు చూసే చూపే అది. ఊరికే, రోజూ పెరట్లో అనే మాటే నోటికొచ్చింది. "మోకాళ్లు వంచకు బిడ్డా. నిలువుగ తీస్కపో."

కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా జామచెట్టు ఉన్నట్టే నిలబడ్డాడు. రాడు భుజాలకు వచ్చింది. ఆగింది. తర్వాత అంగుళం అంగుళం పైకి, ఎక్కడా వంకర లేకుండా, తాడు కట్టి ఎవరో పైనుంచి లాగుతున్నట్టు పోయింది. చేతులు తిన్నగా అయ్యాయి. ఒళ్లంతా గడగడ వణుకుతోంది గానీ రాడు కదలడం లేదు. కోచ్ సారు ఎంతకీ ఈల ఊదడే! ఆయన ఈల కింద పడిపోయిందని, వెతుక్కుంటున్నాడని ఆ తర్వాత తెలిసింది. చివరికి "దించు!" అని నోటితోనే అరిచాడు.

ఆ రోజు మిగతావాళ్లలో ఒకడు అరవై కూడా ఎత్తాడు. అంతా అయ్యాక కోచ్ సారు నర్సింలును పిలిచి, నన్నూ పిలిపించాడు. నా చేతిలోంచి బిళ్ళ తీసుకుని, తిప్పి, బోలు చూసి, కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు.

"ఎవరు కొన్నరు ఇవి?"

నేను నోరు తెరిచేలోపే నర్సింలు, "నేనే సార్" అన్నాడు.

"గాలి బరువులు ఎత్తి ఎత్తి బలమైతె రాలే. కాని పద్ధతి వచ్చింది. ఇంత తిన్నగ ఎత్తేటోడు ఇక్కడ ఇంకొకడు లేడు. బలం నేను పెంచుత. నా టీముల రెండో మనిషి జాగ ఖాళీ ఉన్నది. రేపటి నుంచి రా, దబ్ మనేటివి ఎత్తు." తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, మీరు కూడ వస్తరా?" అన్నాడు.

సాయంత్రం మా మామ వచ్చేసరికి పెరట్లో ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. టీములో పడ్డాడని చెప్పాం. బిళ్ళల సంగతి మాత్రం మింగేశాం. మా మామ టిఫిను డబ్బా గట్టు మీద పెట్టాడు. తర్వాత, "నా కొడుకు ఇన్ని దినాలు ఏమెత్తిండో చూస్త" అని మొదటిసారి జామచెట్టు కిందికి పోయి, ఇరవై అని ఉన్న బిళ్ళ మీద చెయ్యి వేశాడు. నర్సింలు నా మోచెయ్యి గిల్లాడు.

ఆయన బిళ్ళను ఒంటిచేత్తో తల మీదికి ఎత్తాడు. ఒక్క క్షణం ఆగాడు. నా మొహం చూశాడు. తర్వాత గోడ మీదున్న పక్కింటి తలలకు వినబడేలా, "చూసిండ్రా! ఈ వయసుల గూడ నాకు ఇరవై కిలోలు లెక్క గాదు!" అని అరిచి దించాడు. పక్కింటివాళ్లు చప్పట్లు కొట్టారు. బతికిపోయాం, ముసలాయనకు తెలియలేదు అనుకున్నాం.

మర్నాడు పొద్దున టిఫిను డబ్బా చేతికిస్తుంటే, నావైపు చూడకుండా చెప్పులో కాలు దూర్చుకుంటూ మెల్లగా అన్నాడు. "బిడ్డా, ఈ మారు ఇనుము కొనేటప్పుడు నన్ను పిలువు. బేరం నువ్వే చెయ్యి. బరువు మాత్రం నేను చూస్త."

జహంగీర్ భాయ్ చెప్పబోయిన మాట కూడా తర్వాత పూర్తిగా విన్నాను. ఆ బిళ్ళలు ఫొటో స్టూడియో కోసం పోయించినవట. బక్కవాళ్లు పహిల్వాన్లలా ఫొటో దిగి పిల్లనిచ్చేవాళ్లకు పంపుకోవడానికి.

అందుకే, ఉలవచారు సాక్షిగా, జామచెట్టు సాక్షిగా, ఆ రోజు నేను మొక్కిన దేవుళ్లందరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు ఏ దుకాణంలోనూ బరువు తగ్గించమని అడగను. ఇప్పటిదాకా తప్పలేదు. ఆ బిళ్ళల్లో ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. వెనక గుంటలో చల్ల మిరపకాయలు బ్రహ్మాండంగా ఎండుతాయి.